‘రన్ అవట్లేదు’ అని మీ దగ్గరికొచ్చినప్పుడు: జావా బిగినర్స్‌కి సాయం చేసేవాళ్ళ కోసం ఒక టాక్

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? సరే. స్లైడ్స్ ఏమీ లేవు, ఒక టెర్మినల్ ఉంది, ఒక ఎడిటర్ ఉంది, వాటితోనే నడిపించేద్దాం.

ముందే చెప్పేస్తున్నా, ఇది జావా క్లాస్ కాదు. మీలో ఎక్కువమందికి జావా వచ్చు. ల్యాబ్‌లోనో ఆఫీసులోనో కొత్తగా నేర్చుకునేవాళ్ళు మీ దగ్గరికొచ్చి అన్నా ఇది రన్ అవట్లేదు, అక్కా ఒక్కసారి చూడవా అని లాప్‌టాప్ మీ ముందు పెట్టేస్తారు చూడండి, అప్పుడు మీరేం చేస్తారు అన్నదే ఈ రోజు టాపిక్. మామూలుగా ఏం చేస్తాం? కీబోర్డ్ లాక్కుంటాం, టకటకా రెండు లైన్లు మార్చేస్తాం, ఇదిగో అయిపోయింది పో అంటాం. వాళ్ళూ హ్యాపీ, మనమూ హ్యాపీ. రెండ్రోజులకి అదే ఎర్రర్‌తో అదే మనిషి మళ్ళీ ప్రత్యక్షం.

నేను ఇవాళ పట్టుకున్న పాయింట్ ఒక్కటే. జావాలో తప్పు మూడు చోట్ల బయటపడుద్ది. కంపైల్ చేసేటప్పుడు, అంటే రాసిన కోడ్‌ని మెషీన్ నడిపే రూపంలోకి మార్చేటప్పుడు బయటపడొచ్చు, రన్ అవుతూ మధ్యలో ఎక్సెప్షన్ కొట్టి, అంటే ఇక ముందుకెళ్ళలేను అని చెప్పి ఆగిపోవచ్చు, లేదంటే ఏ చప్పుడూ లేకుండా చివరిదాకా రన్ అయిపోయి తప్పు ఆన్సర్ ఇవ్వొచ్చు. మొదటిది అన్నిటికంటే మంచిది, ఎందుకంటే లైన్ నంబర్‌తో సహా చెప్తుంది, ఎవరికీ నష్టం లేదు. మూడోది అన్నిటికంటే చెడ్డది. కానీ కొత్తవాళ్ళకి మొదటిదాన్ని చూస్తేనే భయం, ఎర్రగా కనపడుద్ది కదా, అందుకని ఆ ఎరుపు పోతే చాలు అన్నట్టు ఏదో ఒకటి మారుస్తారు, ఎరుపు పోద్ది, తప్పు మాత్రం పోదు, మొదటి చోటు నుంచి రెండో చోటుకి, రెండో చోటు నుంచి మూడో చోటుకి జరుగుద్ది అంతే. ఎర్రర్ నోరు మూయించడం వేరు, ఎర్రర్ని సరిచేయడం వేరు. మీరు పక్కన కూర్చున్నప్పుడు ఈ తేడా ఒక్కటి కనిపెట్టుకుని ఉంటే చాలు.

సరే, కంపైల్ ఎర్రర్లతో మొదలెడదాం.

స్క్రీన్ మీద నలభై ఎర్రర్లు ఉన్నాయనుకోండి, చూడాల్సింది పైన ఉన్న మొదటిది. మిగతావి దాని పిల్లలు అయ్యే ఛాన్స్ ఎక్కువ. కానీ టెర్మినల్‌లో స్క్రోల్ కిందకి వెళ్ళి ఆగుతుంది కాబట్టి కళ్ళు ముందు చివరి ఎర్రర్ మీదే పడతాయి, దాన్ని పట్టుకుని కుస్తీ పడుతుంటారు. పైకి స్క్రోల్ చేయించండి, మొదటిది సరిచేయించండి, మళ్ళీ కంపైల్. ఒకటి తీస్తే ఇరవై పోయాయంటే ఆ మనిషికి కంపైలర్ మీద సగం భయం అక్కడే పోద్ది.

లైన్ నంబర్ని ఎంతవరకు నమ్మాలి అంటే, సెమీకోలన్ మర్చిపోతే జావా కంపైలర్ దాదాపు కరెక్ట్ చోటే చూపిస్తుంది, బ్రాకెట్ విషయంలో అలా కాదు. మూసే ఫ్లవర్ బ్రాకెట్ ఒకటి తగ్గిందనుకోండి, ‘రీచ్డ్ ఎండ్ ఆఫ్ ఫైల్ వైల్ పార్సింగ్’ అని ఫైల్ చివరి లైన్ చూపిస్తుంది, అక్కడ ఎంతసేపు చూసినా ఏమీ ఉండదు. కొత్తవాళ్ళు ఏం చేస్తారు, చివర ఇంకో బ్రాకెట్ పెట్టేస్తారు, కంపైల్ అయిపోద్ది, కానీ అసలు బ్రాకెట్ తగ్గింది ఎక్కడో మధ్యలో ఇఫ్ దగ్గర, ఇప్పుడు ఆ ఇఫ్ కిందున్న కోడ్ మొత్తం ఇఫ్ లోపలికి పోయింది. చూశారా, మొదటి చోటు నుంచి డైరెక్ట్‌గా మూడో చోటుకి! దీనికి మందు ఎడిటర్‌లో ఆటో ఫార్మాట్ కొట్టడమే, ఇండెంటేషన్ ఎక్కడ నుంచి పక్కకి జరిగిందో చూస్తే తగ్గిన బ్రాకెట్ అక్కడే ఉంటుంది.

ఇప్పుడు కెనాట్ ఫైండ్ సింబల్. బిగినర్స్ అందరూ చూసే ఎర్రర్ ఇది, పూర్తిగా చదివేవాళ్ళు మాత్రం అరుదు. ఆ ఒక్క లైన్ చదివి ఆగిపోతారు, దాని కింద ఇంకో రెండు లైన్లు ఉంటాయి, సింబల్ అని ఒకటి, లొకేషన్ అని ఒకటి, అసలు సంగతంతా ఆ రెండిట్లోనే ఉంది. ఇదిగో ఇక్కడ టైప్ చేసి చూపిస్తా. ఇంట్ ఎర్రే, అంటే పూర్ణాంకాల వరస ఒకటి తీసుకున్నా, పేరు మార్క్స్, లూప్‌లో మార్క్స్ డాట్ లెంగ్త్ అని రాసి పక్కన బ్రాకెట్లు పెట్టా. కంపైల్. ఏం చెప్తోంది? సింబల్: మెథడ్ లెంగ్త్. లొకేషన్: వేరియబుల్ మార్క్స్ ఆఫ్ టైప్ ఇంట్ ఎర్రే. అంటే ఈ ఎర్రేకి లెంగ్త్ అనే మెథడ్ లేదయ్యా అని విడమర్చి చెప్పేసింది. ఎర్రేకి లెంగ్త్ బ్రాకెట్లు లేకుండా రాయాలి, స్ట్రింగ్‌కి లెంగ్త్ బ్రాకెట్లతో, ఎర్రేలిస్ట్‌కి వచ్చేసరికి అది లెంగ్త్ కూడా కాదు, సైజ్. మూడిటికీ మూడు రకాలు, ఇందులో లాజిక్ వెతక్కండి, బట్టీ పట్టడమే. [నవ్వులు]

అదే సింబల్ పక్కన క్లాస్ స్కానర్ అని ఉంటే, అంటే కీబోర్డ్ నుంచి ఇన్‌పుట్ చదివే క్లాస్, దాని ఇంపోర్ట్ మర్చిపోయారు. వేరియబుల్ ఐ అని ఉంటే ఫర్ లూప్ లోపల డిక్లేర్ చేసి బయట వాడారు. స్ట్రింగ్‌లో ఎస్ చిన్నక్షరం పడినా ఇదే ఎర్రర్. కాబట్టి మీరు జవాబు చెప్పకండి, ‘సింబల్ దగ్గర ఏముంది, గట్టిగా చదువు’ అనండి. చదువుతూ చదువుతూ సగంలోనే ఆ అని ఆగిపోతారు, చాలాసార్లు అక్కడికే మీ పని అయిపోద్ది.

ఇంకోటి, చాట్‌లోంచో పీడీఎఫ్‌లోంచో కోడ్ కాపీ చేసుకొచ్చి పేస్ట్ చేస్తారు. ఇల్లీగల్ క్యారెక్టర్ అని, పక్కన బ్యాక్‌స్లాష్ యూ 201సీ అని వస్తుంది. కంటికి కోడ్ మొత్తం కరెక్టే. కానీ అక్కడున్నవి మామూలు డబుల్ కోట్స్ కావు, కాస్త వంకర తిరిగిన కోట్స్, వర్డ్ ప్రాసెసర్లు అందం కోసం మార్చేసేవి. 201సీ అంటే ఓపెనింగ్ కోట్, 201డీ అంటే క్లోజింగ్ కోట్. చెరిపేసి కీబోర్డ్ మీద మళ్ళీ కొట్టడమే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం, నోరు మూయించే రిపేర్లు. నాన్ స్టాటిక్ మెథడ్ కెనాట్ బి రెఫరెన్స్డ్ ఫ్రమ్ ఎ స్టాటిక్ కాంటెక్స్ట్. ఇది చూడగానే కొత్తవాళ్ళకి అర్థమయ్యేది ఒక్కటే, స్టాటిక్ పెట్టమంటోంది! ఎడిటర్ కూడా పక్కన బల్బ్ బొమ్మ చూపించి మేక్ స్టాటిక్ అని ఆశ పెడుద్ది. క్లిక్ చేస్తే ఇంకో చోట అదే ఎర్రర్, అక్కడా స్టాటిక్, అలా పెట్టుకుంటూ పోతే క్లాస్‌లో ఉన్నవన్నీ స్టాటిక్ అయిపోతాయి, కంపైల్ అవుతుంది. ఇప్పుడు చూడండి, స్టూడెంట్ క్లాస్‌లో నేమ్ అనే ఫీల్డ్ స్టాటిక్ చేశా, ముగ్గురు స్టూడెంట్లని క్రియేట్ చేశా, మూడు వేర్వేరు పేర్లిచ్చా, ప్రింట్ చేస్తే మూడో పేరే మూడుసార్లు వచ్చింది. ఎందుకంటే స్టాటిక్ అంటే ఆ ఫీల్డ్ క్లాస్ మొత్తానికి ఒక్కటే, ఒక్కో ఆబ్జెక్ట్‌కి ఒక్కోటి ఉండదు. ఇప్పుడు ఎర్రర్ లేదు, ఎక్సెప్షన్ లేదు, ఆన్సర్ తప్పు. ఆ రోజు కంపైలర్ అడిగిందల్లా ‘ఏ ఆబ్జెక్ట్ మీద పిలుస్తున్నావ్’ అని, మెయిన్‌లో ఒక ఆబ్జెక్ట్ క్రియేట్ చేసి దాని మీద పిలిస్తే సరిపోయేది.

ఇలాంటివే ఇంకొన్ని, త్వరగా చెప్పేస్తా. వేరియబుల్ మైట్ నాట్ హావ్ బీన్ ఇనిషియలైజ్డ్ అంటే వెంటనే ఈక్వల్స్ నల్, అంటే ఇందులో ఏ ఆబ్జెక్టూ లేదు అని పెట్టేస్తారు, కంపైలర్ ఊరుకుంటుంది, నాలుగు లైన్ల కింద నల్ పాయింటర్ ఎక్సెప్షన్ కాచుక్కూర్చుంటుంది. మిస్సింగ్ రిటర్న్ స్టేట్‌మెంట్ అంటే చివర రిటర్న్ జీరో. డబుల్ నుంచి ఇంట్‌కి పాజిబుల్ లాసీ కన్వర్షన్ అంటే ముందు ఇంట్ అని ఒక కాస్ట్, అంటే బలవంతంగా టైప్ మార్చే మాట పడేస్తారు, 79.5 రావాల్సిన యావరేజ్ 79 అయి కూర్చుంటుంది, అది రౌండింగ్ కూడా కాదు, పాయింట్ తర్వాత ఉన్నది కోసేయడమే. వీటన్నిటిలో కంపైలర్ అడిగింది ప్రశ్న. ఆ వేరియబుల్‌కి విలువ రాని దారి ఏది? ఏ కండిషనూ కుదరకపోతే ఈ మెథడ్ ఏం తిరిగివ్వాలి? ఆ ప్రశ్నకి జవాబు ఆలోచించకుండా ఏదో ఒకటి పెట్టి పంపించేయడమే ఇక్కడ జబ్బు.

సరే, రన్‌టైమ్‌కి వద్దాం.

స్టాక్ ట్రేస్, అంటే ఎక్సెప్షన్ వచ్చినప్పుడు ఏ మెథడ్ ఏ మెథడ్‌ని పిలుస్తూ అక్కడిదాకా వచ్చిందో చూపించే లిస్ట్, అది చూడగానే కొత్తవాళ్ళు దాన్ని మొత్తంగా మూసేస్తారు, టెర్మినల్ క్లియర్ చేసి మళ్ళీ రన్ చేస్తారు, ఈసారి రాదేమో అని! అది జాతకం కాదు కదా మారడానికి. ఇదిగో ఇక్కడ ఒకటి తెప్పిస్తా. యూజర్ దగ్గర మార్కులు స్ట్రింగ్‌గా తీసుకుని ఇంటీజర్ డాట్ పార్స్‌ఇంట్‌కి ఇస్తున్నా. 25 కొట్టి, స్పేస్ ఒకటి కొట్టి, ఎంటర్. పేలింది. మొదటి లైన్ చదవండి, నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్, ఫర్ ఇన్‌పుట్ స్ట్రింగ్, ఆ తర్వాత కోట్స్‌లో 25, స్పేస్, కోట్ క్లోజ్. ఆ క్లోజింగ్ కోట్ ముందు ఖాళీ కనిపిస్తోందా? నంబర్ ఇస్తే నంబర్ కాదంటాడేంటి అని నెత్తి బాదుకునేవాళ్ళు ఆ ఖాళీ చూడరు. కోట్స్ పెట్టి చూపించేదే అందుకు. ట్రిమ్ చేసి పార్స్ చేస్తే అయిపోద్ది.

ఇప్పుడు ఆ కింద లైన్లు. అట్ అని మొదలయ్యేవి. మొదటి రెండు మూడు లైన్లలో ఉన్న ఫైల్ పేర్లు నంబర్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ డాట్ జావా, ఇంటీజర్ డాట్ జావా. అది చూసి ‘ఈ ఫైల్ నేను రాయనే లేదు, జావాలోనే ఏదో తప్పుంది’ అంటారు. ఆ లైన్లు వదిలేయండి, కిందకి దిగుతూ పోండి, మన ఫైల్ పేరు ఎక్కడ మొదటిసారి కనపడుద్దో అక్కడ ఆగండి. మార్క్స్ డాట్ జావా, కోలన్, 14. అంతే, పద్నాలుగో లైన్‌కి పోవాలి. స్టాక్ ట్రేస్ చదవడం నేర్పాలంటే ఈ ఒక్క రూల్ నేర్పితే ఎనభై పైసల పని అయిపోయినట్టే. కాజ్డ్ బై అని మధ్యలో వస్తే మాత్రం అన్నిటికన్నా కింద ఉన్న కాజ్డ్ బై దగ్గరికి పోయి అక్కడ ఇదే రూల్ వాడాలి, అసలు దొంగ అక్కడుంటాడు, పైనున్నవన్నీ వాడిని మోసుకొచ్చినవాళ్ళు.

నల్ పాయింటర్ గురించి ఒక మంచి కబురు ఉంది. పాత జావాలో లైన్ నంబర్ ఒక్కటే వచ్చేది, ఆ లైన్లో ఏ డాట్ బి డాట్ సి అని చైన్ ఉంటే ఏది నల్లో మనమే తేల్చుకోవాలి. 2020లో వచ్చిన జావా 14లో హెల్ప్‌ఫుల్ నల్ పాయింటర్ మెసేజ్‌లు అని పెట్టారు, 15 నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. ఫలానాది నల్ కాబట్టి ఫలానా మెథడ్ పిలవలేకపోయాను అని పూర్తి వాక్యం రాస్తుంది. ఒక్కోసారి పేరు బదులు యాంగిల్ బ్రాకెట్లలో లోకల్1 అని వస్తుంది, అది చూసి కంగారు పడొద్దు, కమాండ్ లైన్లో జావాసీ, అంటే జావా కంపైలర్, మామూలుగా లోకల్ వేరియబుల్స్ పేర్లు క్లాస్ ఫైల్‌లో దాచదు, మైనస్ జీ పెట్టి కంపైల్ చేస్తే అసలు పేరే వస్తుంది. మీ దగ్గరికొచ్చినవాళ్ళు ఇంకా జావా 8 మీద ఉంటే ఇదేమీ రాదు, నేర్చుకునే స్టేజ్‌లో కొత్త వెర్షన్ వేయించడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

మెసేజ్ చెప్పేది ఏది నల్లో, అది ఎందుకు నల్ అయిందో చెప్పదు. ఇక్కడే మళ్ళీ నోరు మూయించే రిపేర్ వస్తుంది, ఇఫ్ నాట్ ఈక్వల్స్ నల్ అని చుట్టేస్తారు. ఎక్సెప్షన్ పోయింది. కానీ ఆ ఆబ్జెక్ట్ రావాల్సింది, రాలేదు, ఇప్పుడు ఆ పనే జరగకుండా ప్రోగ్రామ్ ముందుకెళ్ళిపోతోంది. కొత్తవాళ్ళలో నేను చూసే పెద్ద కారణం ఆబ్జెక్ట్‌ల ఎర్రే. న్యూ స్టూడెంట్ ఆఫ్ ఫైవ్ అంటే ఐదుగురు స్టూడెంట్లు వచ్చేశారనుకుంటారు, వచ్చింది ఐదు ఖాళీ గడులు, ఐదిట్లోనూ నల్. ఇంకోటి కన్‌స్ట్రక్టర్‌లో నేమ్ ఈక్వల్స్ నేమ్ అని రాసి దిస్ మర్చిపోవడం, పారామీటర్‌ని పారామీటర్‌లోకే వేసుకున్నట్టు, ఫీల్డ్ నల్‌గానే ఉండిపోద్ది. మూడోది నాకు భలే ఇష్టం, కన్‌స్ట్రక్టర్ ముందు వాయిడ్ అని రాయడం. వాయిడ్ పడగానే అది కన్‌స్ట్రక్టర్ కాదు, క్లాస్ పేరే పెట్టుకున్న మామూలు మెథడ్. పారామీటర్లు లేనిదైతే కంపైల్ కూడా హాయిగా అయిపోద్ది, న్యూ అన్నప్పుడు మాత్రం దాన్ని ఎవరూ పిలవరు.

ఎర్రే ఇండెక్స్ అవుట్ ఆఫ్ బౌండ్స్ మీద ఎక్కువసేపు వద్దు. ఇండెక్స్ 5, లెంగ్త్ 5 అని రెండు అంకెలూ ఒకటే వస్తే లూప్‌లో లెస్ దాన్ ఆర్ ఈక్వల్ పెట్టారని అర్థం. ఇండెక్స్ మైనస్ 1 అయితే ఐ మైనస్ వన్ ఎక్కడో ఉంది. స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్ వచ్చి ఒకే లైన్ వందలసార్లు రిపీట్ అయితే ఆ లైన్లో రికర్షన్‌కి, అంటే మెథడ్ తనని తనే పిలుచుకోవడానికి, ఆగే కండిషన్ లేదు, లేదా ఉన్నా దాని దాకా చేరట్లేదు.

అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ అని ఒకటొస్తుంది, 65.0 అనీ 61.0 అనీ ఏవో అంకెలతో. ఆ అంకెలోంచి 44 తీసేయండి, జావా వెర్షన్ వచ్చేస్తుంది. 65 అంటే 21, 61 అంటే 17, 52 అంటే 8. కొత్త జావాసీతో కంపైల్ చేసి పాత జావాతో రన్ చేస్తున్నారని అర్థం, కోడ్‌లో వెతికితే దొరకదు.

ఇక ఖాళీ క్యాచ్. ట్రై పెట్టి, క్యాచ్ ఎక్సెప్షన్ ఈ అని రాసి, లోపల ఏమీ ఉండదు. దీని మీద మాత్రం నేను మెత్తగా ఉండను. కనీసం ఈ డాట్ ప్రింట్‌స్టాక్‌ట్రేస్ లేని క్యాచ్ కనపడితే మిగతా డౌట్ వినడానికి ముందే దాన్ని నింపించండి, ఎందుకంటే వాళ్ళు వెతుకుతున్న సమాధానం ఆ ఖాళీ బ్రాకెట్ల మధ్య పడి చచ్చిపోయి ఉంటుంది. [నవ్వులు] నిజమే చెప్తున్నా.

ఇప్పుడు మూడో చోటు. చప్పుడు లేని తప్పులు.

స్కానర్‌తో మొదలెడదాం, దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. ప్రోగ్రామ్ వయసు అడుగుతుంది, నెక్స్ట్‌ఇంట్. తర్వాత పేరు అడుగుతుంది, నెక్స్ట్‌లైన్. రన్ చేస్తే వయసు కొట్టగానే పేరు అడిగినట్టే అడిగి, మనం కొట్టేలోపే ముందుకెళ్ళిపోద్ది. ఏం జరిగిందంటే, మీరు కొట్టింది 21 ఒక్కటే కాదు, 2, 1, ఎంటర్, మూడు క్యారెక్టర్లు. నెక్స్ట్‌ఇంట్ 21 తీసుకుంది, ఎంటర్‌ని అక్కడే వదిలేసింది. నెక్స్ట్‌లైన్ పని ఏంటి? ఎంటర్ దొరికేదాకా ఉన్నది ఇవ్వడం. మొదటి క్యారెక్టరే ఎంటర్, దాని ముందు ఏమీ లేదు, ఖాళీ స్ట్రింగ్ ఇచ్చేసింది. దాని రూల్ ప్రకారం అది కరెక్టే. మధ్యలో ఒక ఎక్స్‌ట్రా నెక్స్ట్‌లైన్ పెట్టు అని అందరూ చెప్తారు, పనిచేస్తుంది కూడా, కానీ నా సలహా అన్నీ నెక్స్ట్‌లైన్‌తోనే తీసుకుని పార్స్‌ఇంట్ చేసుకోమని, అప్పుడు ఏది మిగిలింది ఏది తీసుకుంది అన్న లెక్కే ఉండదు.

ఈ స్కానర్‌తోనే ఇంకో తమాషా. వైల్ లూప్‌లో ట్రై పెట్టి నెక్స్ట్‌ఇంట్ పిలుస్తారు, యూజర్ అక్షరాలు కొడితే ఇన్‌పుట్ మిస్‌మ్యాచ్ ఎక్సెప్షన్, క్యాచ్‌లో ‘మళ్ళీ కొట్టండి’ అని ప్రింట్, లూప్ తిరుగుద్ది. బాగానే ఉంది కదా? రన్ చేస్తే మళ్ళీ కొట్టండి మళ్ళీ కొట్టండి అని స్క్రీన్ ఆగకుండా పరిగెడుద్ది. నెక్స్ట్‌ఇంట్ ఫెయిల్ అయినప్పుడు ఆ చెత్త ఇన్‌పుట్‌ని తీసి పారేయదు, అక్కడే ఉంచుతుంది, తర్వాతి రౌండ్లో మళ్ళీ అదే కనపడుద్ది. క్యాచ్‌లో ఒక నెక్స్ట్‌లైన్ పెట్టి దాన్ని తీసేస్తే లూప్ మనిషవుద్ది.

స్ట్రింగ్‌లని డబుల్ ఈక్వల్స్‌తో పోల్చొద్దు, డాట్ ఈక్వల్స్ వాడాలి అని అందరం చెప్తాం, వాళ్ళు తలూపుతారు, ఇంటికెళ్ళి ట్రై చేస్తారు, డబుల్ ఈక్వల్స్‌తో కరెక్ట్‌గానే పనిచేస్తుంది! ఇక మన మాట ఎవరు నమ్ముతారు? కోడ్‌లో రెండు చోట్ల ఎగ్జిట్ అని కోట్స్‌లో రాస్తే జావా రెండిటికీ ఒకే ఆబ్జెక్ట్ వాడుద్ది, డబుల్ ఈక్వల్స్ చూసేది రెండూ ఒకే ఆబ్జెక్టా అనే కాబట్టి ట్రూ వస్తుంది. అదే ఎగ్జిట్ కీబోర్డ్ నుంచి వస్తే కొత్త ఆబ్జెక్ట్, అక్షరాలు అవే, ఆబ్జెక్ట్ వేరు, ఫాల్స్. అందుకే చెప్పేటప్పుడు రెండూ చేసి చూపించండి, లిటరల్‌తో ఒకసారి, స్కానర్‌తో ఒకసారి. ఇంటీజర్ ఆబ్జెక్ట్‌లతో కూడా చూపించండి, 127ని 127తో పోలిస్తే ట్రూ, 128ని 128తో పోలిస్తే ఫాల్స్, ఎందుకంటే మైనస్ 128 నుంచి 127 దాకా జావా ముందే చేసిపెట్టుకున్న ఆబ్జెక్ట్‌లు ఇస్తుంది. ఆ ఫాల్స్ చూసిన మొహాల్లో ఎక్స్‌ప్రెషన్ చూడటానికైనా ఈ డెమో చేయాలి.

లెక్కల తప్పులు. సెల్సియస్ నుంచి ఫారన్‌హీట్, 9 బై 5 ఇంటూ సి ప్లస్ 32. వంద డిగ్రీలిస్తే 212 రావాలి, 132 వస్తుంది, ఎందుకంటే 9 బై 5 రెండూ ఇంట్‌లే కాబట్టి 1. ఇదే సి ఇంటూ 9 బై 5 అని రాస్తే వందకి 212 వచ్చేస్తుంది, తప్పు దాక్కుంటుంది, 37 ఇస్తే అప్పుడు 98.6 బదులు 98 వస్తుంది. 9.0 అని రాస్తే గొడవే లేదు. ఇంట్‌తో ఫ్యాక్టోరియల్ చేయిస్తే 12 దాకా కరెక్ట్, 13కి ఇంట్ పట్టదు, రావాల్సింది 622 కోట్ల పైచిలుకు, వచ్చేది 1932053504. నెగెటివ్ వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, ఇది చూడ్డానికి దర్జాగా ఉంది, ఎవరికీ అనుమానం రాదు. బిగినర్స్ తప్పు కదా అని నవ్వకండి, జావా సొంత లైబ్రరీలో బైనరీ సెర్చ్‌లో ఇదే జాతి తప్పు దాదాపు తొమ్మిదేళ్ళు ఉంది, మధ్య ఇండెక్స్ కోసం లో ప్లస్ హై బై 2 అని రాశారు, ఎర్రే వంద కోట్లు దాటితే ఆ కూడిక ఓవర్‌ఫ్లో. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ గారే 2006లో దాని గురించి వివరంగా రాశారు.

దీనికి జావా 8లో వచ్చిన మ్యాథ్ డాట్ యాడ్‌ఎగ్జాక్ట్, మల్టిప్లైఎగ్జాక్ట్ ఉన్నాయి, ఓవర్‌ఫ్లో అయితే ఎక్సెప్షన్ కొడతాయి. గమనించారా, మూడో చోటు నుంచి రెండో చోటుకి తెచ్చాం, ఇది రివర్స్ గేర్. ఓవర్‌రైడ్ యానోటేషన్, అంటే పైనుంచి వచ్చిన మెథడ్‌నే మళ్ళీ రాస్తున్నా అని చెప్పే గుర్తు, అది కూడా అంతే, టూస్ట్రింగ్‌లో ఎస్ చిన్నక్షరం రాస్తే మామూలుగా జావా ఏమీ అనదు, పైన ఓవర్‌రైడ్ పెడితే కంపైలరే అరుస్తుంది, మూడో చోటు నుంచి డైరెక్ట్‌గా మొదటి చోటుకి. జావాసీకి మైనస్ ఎక్స్‌లింట్ పెట్టండి, ఇఫ్ కండిషన్ తర్వాత పడిన పనికిమాలిన సెమీకోలన్ లాంటివాటికి కూడా వార్నింగ్ ఇస్తుంది. బిగినర్స్‌కి డిజైన్ ప్యాటర్న్స్ తర్వాత చెప్పొచ్చు, ముందు ఈ చప్పుడు చేసే పనిముట్లు చేతికివ్వండి.

ఇక పక్కన కూర్చోవడం ఎలా. కీబోర్డ్ ముట్టుకోవద్దు, మీ చేతులు మీ దగ్గరే పెట్టుకోండి. మొదటి ప్రశ్న, నీకు ఏం రావాలి, ఏం వచ్చింది? పనిచేయట్లేదు అనే మాట ఒప్పుకోవద్దు. చాలామంది ఏం రావాలో కూడా ఆలోచించకుండా రన్ కొడతారు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు ప్లస్ తీసి మైనస్, లెస్ తీసి గ్రేటర్ మార్చుకుంటూ పోతారు, ఒకసారి కుదిరితే ఎందుకు కుదిరిందో వాళ్ళకీ తెలీదు. రెండోది, చివరిసారి పనిచేసినప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం మార్చావ్? మూడోది, అసలు నువ్వు మార్చిన ఫైలే రన్ అవుతోందా? ఇది సిల్లీగా ఉంటుంది కానీ సేవ్ చేయకుండా, మళ్ళీ కంపైల్ చేయకుండా, పాత క్లాస్ ఫైల్‌నే రన్ చేస్తూ గంటలు పోగొట్టేవాళ్ళు ఉన్నారు. మెయిన్ మొదటి లైన్లో ఒక పిచ్చి ప్రింట్ పెట్టించండి, అది కనపడకపోతే మిగతా డిస్కషన్ అనవసరం.

ప్రశ్నలుంటే అడగండి, కాస్త టైమ్ ఉంది.

[సభలోంచి: ప్రింట్‌లు పెట్టడం నేర్పాలా, డీబగ్గర్ నేర్పాలా?]

రెండూ, కానీ ముందు ప్రింట్. డీబగ్గర్ అంటే ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి లైన్ లైన్‌గా చూసే టూల్, దాని బటన్లు నేర్చుకోవడమే వాళ్ళకి ఇంకో సబ్జెక్ట్ అయిపోద్ది మొదట్లో. ప్రింట్ పెట్టినా విలువని స్క్వేర్ బ్రాకెట్ల మధ్య పెట్టమనండి, పేరు ముందూ వెనకా ఉన్న స్పేస్, ఖాళీ స్ట్రింగ్, అన్నీ కనపడతాయి. ఎర్రేని ప్రింట్ చేస్తే వచ్చే స్క్వేర్ బ్రాకెట్, ఐ, అట్ సింబల్, ఏవో అంకెలు, అది విలువ కాదు, ఎర్రేస్ డాట్ టూస్ట్రింగ్ వాడాలి. లూప్‌లు రికర్షన్ వచ్చాక డీబగ్గర్, ఒక బ్రేక్‌పాయింట్, ఒక స్టెప్ ఓవర్, ఒక స్టెప్ ఇంటు, మొదట ఈ మూడే.

[సభలోంచి: ఎర్రర్‌ని ఏఐ టూల్‌కి పేస్ట్ చేస్తే ఫిక్స్ ఇచ్చేస్తుంది కదండీ, ఇదంతా ఎందుకు?]

ఇస్తుంది, చాలాసార్లు కరెక్ట్ కూడా. వద్దని నేను అనను, అన్నా ఎవరూ ఆగరు. కాకపోతే ఎర్రర్ ఒక్కటే ఇచ్చి ఫిక్స్ అడిగితే దానికి మీ ప్రోగ్రామ్ ఏం చేయాలో తెలీదు, కాబట్టి నల్ చెక్ పెట్టు, కాస్ట్ పెట్టు, ట్రై క్యాచ్ పెట్టు, ఇందాక మనం చెప్పుకున్న నోరు మూయించే మందులే రాసివ్వొచ్చు. ఫిక్స్ అడగొద్దు, ఈ వేరియబుల్ ఏ దారిలో నల్ అవ్వొచ్చు అని అడగమనండి. ఆ ప్రశ్న అడగాలంటే ముందు మెసేజ్ చదివి ఉండాలి కదా.

[సభలోంచి: వాళ్ళ మెషీన్లో రన్ అవుతుంది, మా దాంట్లో అవ్వదు, లేదా ఉల్టా. అప్పుడు?]

జావా మైనస్ వెర్షన్, జావాసీ మైనస్ వెర్షన్, రెండు మెషీన్లలోనూ రెండూ కొట్టండి. ఒకే మెషీన్లో ఈ రెండూ వేర్వేరు వెర్షన్లు చూపించడం కూడా మామూలే, పాత్‌లో రెండు ఇన్‌స్టాలేషన్లు ఉంటే అంతే. 2025లో వచ్చిన జావా 25లో మెయిన్ ముందు పబ్లిక్ స్టాటిక్ లేకుండా, అసలు క్లాసే రాయకుండా ప్రోగ్రామ్ రన్ అవుతుంది, అది చూసి రాసుకున్న కోడ్ 17 మీద కంపైల్ కూడా అవ్వదు. ఇంగ్లీష్ కాని అక్షరాలు ఒక మెషీన్లో బాగా వచ్చి ఇంకోదాంట్లో ప్రశ్నార్థకాలుగా వస్తుంటే, జావా 18 నుంచి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 అయింది, అంతకుముందు ఆపరేటింగ్ సిస్టమ్‌ని బట్టి ఉండేది, అది చూడండి. ఇంకా తేడా దొరక్కపోతే ఫైల్ పేర్లు చూడండి, విండోస్‌లో ఫైల్ పేర్లలో పెద్దక్షరం చిన్నక్షరం తేడా పట్టదు, లైనక్స్‌లో పడుద్ది, ఇమేజ్ ఫైలో టెక్స్ట్ ఫైలో ఓపెన్ చేసే ప్రోగ్రామ్ అయితే దొంగ ఎక్కువగా అక్కడే దొరుకుతాడు.

తర్వాతి స్పీకర్ వచ్చేశారు, మిగతా డౌట్లు ఉన్నవాళ్ళు బయట కారిడార్‌లోకి రండి, లాప్‌టాప్‌లు తెచ్చుకోండి, టైప్ చేసేది మాత్రం మీరే.